ఆదోని ఫుట్‌బాల్ మైదానానికి నాలుగో గోడ

కొత్త ఊరికి వెళితే చాలామంది ముందు గుడి ఎక్కడుందని అడుగుతారు. నేను ఆటస్థలం ఎక్కడుందని అడుగుతాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. జబ్బే అనుకోండి, మందు లేదు. రాజమండ్రి నుంచి గుంతకల్లు రైల్వే పార్సిలు ఆఫీసుకు బదిలీ అయినప్పుడు క్వార్టర్సులో నీళ్ళొస్తాయా అని అడగకుండా, కాలనీలో గోలుపోస్టులున్నాయా అని అడిగి ఆవిడ చేత చీవాట్లు తిన్నవాణ్ణి. ఈమధ్య ఈ బ్లాగు చదివే ఒకాయన ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం కలిపి చూడాలనుకుంటున్నాను, ఎలా వెళ్ళాలో చెప్పమని అడిగారు. దారి రాద్దామని కూర్చుంటే, డెబ్బైల చివర్లో ఒకే ఒక్క రోజులో ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య నేను తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. ఏడాది డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. దసరా వెళ్ళి, చేలల్లో పత్తి కాయలు పగలడం మొదలైన రోజులని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఆ ప్రయాణానికి కారణం దూదేకుల హుసేనప్ప. ఆదోనిలో పరుపుల కొట్టు ఆయనది. దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి అమ్మేవాడు. కుర్రతనంలో ఆదోని ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు, తర్వాత ఆ జట్టుకు పెద్దదిక్కయ్యాడు. ఏటా గుంతకల్లు రైల్వే మైదానానికి తన వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాడు. మేము ఆడించి, అన్నం పెట్టి, రైలెక్కించేవాళ్ళం. ఒక ఏడు అలా పంక్తిలో కూర్చుని తింటూ, ముద్ద చేతిలోనే ఆపి, "పార్సిలన్నా, ఎప్పుడూ మీరు పెడితే మేము తినిపోతాండాము. ఒక్కసారన్నా మా ఊరికి పిలిచి మేము పెట్టాల. పిలవనీకి మాకు గ్రౌండు యాడుంది?" అన్నాడు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, అయినా అన్నా అనే పిలిచేవాడు. అందర్నీ అలా పిలవడం ఆ ఊరి అలవాటు. ఓడిపోయినందుకు ఎన్నడూ బాధపడని మనిషి, ఆ మాట అన్నప్పుడు మాత్రం కళ్ళు దించుకున్నాడు. తర్వాత మూడు నాలుగేళ్ళకు, పార్సిలు ఆఫీసుకు వచ్చిన దూది మూటతో పాటు కబురు కూడా వచ్చింది: ఆదోనిలో స్టేడియం కడుతున్నాము, ఆదివారం మొదటి మ్యాచి, పొద్దున్నే రమ్మని.

గుంతకల్లులో తెల్లవారుజామున రాయచూరు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. నాకు పాసు ఉంది కానీ, కొనుక్కునేవాళ్ళకు అప్పట్లో రెండు రూపాయల పైచిలుకు ఉండేది టికెట్టు. యాభై కిలోమీటర్ల దూరానికి గంటన్నర పట్టింది. దారిలో ప్రతి స్టేషనులోనూ రైలు ఆగేది. కొన్నిచోట్ల ఎందుకు ఆగిందో దానికే తెలియదు. ఎడమవైపు కిటికీ దొరికితే కూర్చోండి, ఎండ పడదు. రెండువైపులా నల్లరేగడి, పత్తి, మధ్య మధ్య కొర్ర, వేరుశనగ. ఆదోని దగ్గర పడుతుండగా బండరాళ్ళ కొండ, దాని మీద పాత కోట గోడలు కనిపిస్తాయి. స్టేషను బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. రెండూ కలిపి ముప్పావలా. బజ్జీ మిరపకాయ కారం ఉండదని అమ్మేవాడు ఒట్టేసి చెప్పాడు. ఆ ఊరివాళ్ళ నాలుకకు ఉండదేమో నాకు తెలియదు. కళ్ళు తుడుచుకుంటూ జట్కా ఎక్కి జిన్నింగు మిల్లుల వైపు వెళ్ళాను.

స్టేడియం అన్న మాట విని నేను ఏవేవో ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది మూడు గోడలు, ఒక రోడ్డు. ఉత్తరాన, దక్షిణాన మనిషెత్తు రాతిగోడలు కొత్తగా లేచాయి. పడమట ఒక జిన్నింగు మిల్లు గిడ్డంగి వెనక గోడ, అది ముందునుంచీ ఉన్నదే, ఖర్చు లేకుండా కలిసొచ్చింది. తూర్పు వైపు ఏమీ లేదు. పత్తి బండ్లు, సైకిళ్ళు, గేదెలు రోడ్డు మీంచి నేరుగా గోలుపోస్టు దాకా రావచ్చు. ఒక మూల మూడు మెట్లు కట్టి దానికి గ్యాలరీ అని పేరు పెట్టారు. ఆ గ్యాలరీలో అప్పటికే ఒక మేక తీరుబడిగా కూర్చుని ఉంది. హుసేనప్ప మేకను లేపి నన్ను కూర్చోబెట్టాడు.

"మొదటేడు వచ్చిన దుడ్డంతా నేలకే పోయింది అన్నా," అన్నాడు. "రేగడి నేల గదా, వానొస్తే మోకాలు దిగబడతాది. ఎర్ర గరుసు మట్టి బండ్లు బండ్లు తోలించినాము. వాన వచ్చి పోయినాక సూస్తే గరుసు యాడుంది? రేగడి మింగి కూచుంది. మళ్ళా తోలించినాము. రెండో ఏడు ఆ గోడ, మూడో ఏడు ఈ గోడ. సిమెంటుకు పర్మిట్టు దొరక్క సున్నంతోనే లేపినాము."

ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చెబితే మీకు ఆ ఊరు సగం అర్థమవుతుంది. ఆదోని పత్తి మార్కెట్టులో ఒక బండి పత్తి అమ్ముడుపోయినప్పుడల్లా కొన్ని పైసలు ధర్మం కింద పక్కన పెట్టేవారు. అమ్మిన రైతు కొంత, కొన్న వ్యాపారి కొంత. ఏడాది చివర ఆ మొత్తాన్ని గుళ్ళకూ, దర్గాలకూ, వేసవిలో చలిపందిళ్ళకూ పంచేవారు. హుసేనప్ప ఏళ్ళ తరబడి ఆ వ్యాపారుల మెట్లెక్కి దిగి, వాళ్ళ పరుపులు ఊరికే ఏకిపెట్టి, ఆ ధర్మంలో ఆటస్థలానికి కూడా ఒక చిన్న వాటా సాధించాడు. ఆ మాట చెబుతూ నవ్వాడు, కానీ అది సరదా నవ్వు కాదు. "సిక్కంతా ఈడనే ఉంది. పత్తి బాగా పండితే మాకు దుడ్డు వస్తాది, గ్రౌండు పోతాది. పత్తి పండకపోతే గ్రౌండు ఉంటాది, దుడ్డు రాదు."

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచాడు. ఆ స్థలం పక్కనున్న మిల్లు సావుకారుది. పంట బాగా వచ్చిన ఏడు గిడ్డంగి చాలక ఆ బయల్లో కూడా పత్తి కుప్పలు పోసుకునేవాడు. ఆడుకోవడానికి ఇచ్చాడు కానీ రాసివ్వలేదు. నాలుగు పక్కలా మూయండి, అప్పుడు అది ఆటస్థలమని ఒప్పుకుని రాసిస్తాను, మూయని చోటు నా లెక్కలో ఉత్త బయలే, కొత్త పంట వస్తే పత్తి దించుకుంటానని చెప్పాడు. అన్యాయమైన మాట కాదు. కానీ ఆ ఏడు పంట విరగకాసింది. ఇంకో వారంలో పత్తి బండ్లు దిగుతాయి. ధర్మం డబ్బు చేతికొచ్చేది మాత్రం ఏడాది చివర. ఈలోపు గరుసు మీద పత్తి కుప్పలు, బండ్లు, ఎద్దులు. మూడేళ్ళ పని మళ్ళీ రేగడిలో కలిసిపోతుంది.

"అందుకే ఎమ్మిగనూరోళ్ళతో టికెట్టు మ్యాచి పెట్టినాము," అన్నాడు. "వచ్చిన దుడ్డుతో రాయి కొని పునాది తవ్విస్తే, సావుకారు ఉగాది దాకా ఆగకపోడు. సాయంత్రం సూడనీకి వస్తానన్నాడు."

"తూర్పు పక్క అంతా తెరిచి ఉంటే టికెట్టు ఎవరు కొంటారు?" అని అడిగాను.

"దానికే ఎమ్మిగనూరు పోతాండాము, రా."

ఎనిమిది దాటాక బస్సు దొరికింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్ల లోపే, టికెట్టు రెండు రూపాయలకు తక్కువ, గంట ప్రయాణం. హుసేనప్ప భుజాన రెండు పెద్ద తాళ్ళ చుట్టలు వేసుకుని ఎక్కాడు. కండక్టరు ఆయన్ను ఎరిగినవాడే. "ఏంది హుసేనప్పా, ఎద్దుల్ని తోలుకు రానీకి పోతాండావా?" అన్నాడు. "గోడను తోలుకు రానీకి పోతాండా," అన్నాడు హుసేనప్ప. కండక్టరు తాళ్ళకు లగేజీ టికెట్టు కొట్టబోయి, గోడ సంగతి విన్నాక మానేశాడు. దారంతా ఆ ఇద్దరూ గోలుకీపరుగా ఎవరిని నిలబెట్టాలన్న దాని మీద వాదించుకున్నారు. నేను రైల్వే జట్టులో బ్యాకు ఆడేవాణ్ణి, నా మాట ఒక్కరూ అడగలేదు.

ఎమ్మిగనూరు నేతవీధిలో అడుగుపెడితే ముందు మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, తర్వాత గంజి వాసన వస్తుంది. ఇళ్ళ ముందు వీధి పొడవునా పడుగు నూలు చాపి గంజి పట్టిస్తుంటారు. దాని పక్కనుంచి ఒదిగి నడవాలి, దాటకూడదు. ఎమ్మిగనూరు జట్టు కెప్టెను వీరభద్రప్ప ఇంటికి తీసుకెళ్ళాడు హుసేనప్ప. ముప్పై ఏళ్ళుంటాయి, పొట్టిగా గట్టిగా ఉన్నాడు, పగలంతా మగ్గం గుంటలో కూర్చుని పనిచేసే మనిషి. వాళ్ళమ్మ జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, అంటే వేరుశనగ పొడి పెట్టింది. తింటుండగా లోపలి గదిలో చుట్టి పెట్టిన బట్ట చూపించాడు.

అదే గోడ. దుప్పట్లు నేసేటప్పుడు ఒక్కొక్కటి విడిగా నేయరు. బారుగా ఒకే తానుగా నేసి, మగ్గం మీంచి దించాక కొలిచి, కత్తిరించి, మడిచి వ్యాపారికి అప్పగిస్తారు. అప్పగించినప్పుడే కూలి చేతికొస్తుంది. జట్టులో ఆడేవాళ్ళ ఇళ్ళల్లో ఆ నెల దించిన తాన్లేవీ కత్తిరించలేదు. మైదానం తూర్పు వైపు పొడవు ఎంతో హుసేనప్ప ముందే చెప్పి పంపాడు. దానికి సరిపోయేలా తాన్లు లెక్కేసి చుట్టిపెట్టారు. అంటే అన్ని ఇళ్ళల్లోనూ ఆ నెల కూలి ఆగిపోయిందన్నమాట. ఇంత ఎందుకు చేస్తున్నారని నేను అడిగాను.

"మా ఊర్లో గ్రౌండు లేదు సారూ," అన్నాడు వీరభద్రప్ప. "ఆదోనిలో ఒకటి నిలబడితే గంటలో పోయి ఆడి వస్తాము. మీ గుంతకల్లుకు రావాలంటే బస్సు, మళ్ళా రైలు, ఒక రోజు మగ్గం బందు." చుట్ట మీద చెయ్యేసి, "బట్టకు మేకు తగలకూడదు, సెప్పినాను గదా హుసేనప్పా," అన్నాడు.

"మేకు కాదు, ముల్లు కూడా తగలదు," అన్నాడు హుసేనప్ప.

వేరుశనగ దించి ఖాళీగా ఆదోనికి తిరిగిపోతున్న లారీ ఒకటి మాట్లాడి ఉంచారు. డ్రైవరు కిరాయి తీసుకోలేదు, గోలు వెనక కూర్చునే చోటు మాత్రం అడిగాడు. లారీలో చాపలు పరిచి, బట్ట చుట్టలు పేర్చి, మళ్ళీ చాపలు కప్పారు. జట్టు మొత్తం చుట్టూ నిలబడింది గానీ ఒక్కరూ చుట్టల మీద కూర్చోలేదు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా అందరూ కలిసి చుట్టలను పట్టుకునేవారు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. అయినా ఎప్పుడూ బోగీ తలుపులోంచి లోకాన్ని చూసే నాకు, ఆ లారీ మీద గాలికి నిలబడి రావడం చాలా సంతోషంగా అనిపించింది. మధ్యాహ్నానికి ఆదోనిలో దిగాము.

సరుగుడు కట్టెలు పాతి, వాటికి తాడు బిగించి ఉంచారు. ఇక బట్ట కట్టడమే. మేకు కొట్టకుండా ఎలా కడతారా అని చూశాను. బట్ట అంచున ఒక గులకరాయి పెట్టి, గుడ్డతో సహా దాన్ని ముడిచి, ఆ ముడికి పురికొస వేసి తాడుకు కట్టేశారు. రాయి తీసేస్తే బట్ట మీద మచ్చ కూడా ఉండదు. ఒక తాను తర్వాత ఒకటి అలా కట్టుకుంటూ ఉత్తరపు గోడ నుంచి దక్షిణపు గోడ దాకా వచ్చారు. పొడవు అతికినట్టు సరిపోయింది, పైగా నాలుగు గజాలు మిగిలింది కూడా. వీరభద్రప్ప గర్వంగా వెనక్కి జరిగి చూశాడు. మేమూ చూశాము.

గోడ మా ఛాతీ దాకా ఉంది. అవతల రోడ్డు మీద సైకిలు ఆపుకుని నిలబడిన ఒకాయన, గోడ మీద మోచేతులు ఆనించినట్టు నిలబడి, "మ్యాచి ఎన్ని గంటలకప్పా?" అని అడిగాడు.

"ఇదేందిరా వీరభద్రా!" అన్నాడు హుసేనప్ప.

"నువ్వు పొడవు సెప్పినావు, పొడవు తెచ్చినాము," అన్నాడు వీరభద్రప్ప. "ఎత్తు ఎవురు సెప్పినారు? మగ్గం పన్నె ఎంత వెడల్పుంటే అంతే గదా వస్తాది!"

నిజమే. పుట్టినప్పటినుంచీ మగ్గం ముందు పెరిగినవాళ్ళకు బట్ట వెడల్పు ఆలోచించే విషయమే కాదు, అది మగ్గమే నిర్ణయిస్తుంది. వాళ్ళు లెక్కవేసేది పొడవు ఒక్కటే. హుసేనప్ప కూడా పరుపు కొలతలు తీసేటప్పుడు దుప్పటి వెడల్పు ఎన్నిసార్లు చూశాడో. గోడ అనుకునేసరికి ఆ సంగతే మరిచాడు. బట్టను పైకి జరిపి చూశారు, కింద గేదె పట్టేంత సందు వచ్చింది. రెండు వరసలు వేద్దామంటే పొడవు సగానికి వస్తుంది. మ్యాచి నాలుగింటికి. టికెట్లు అర్ధరూపాయివి, రూపాయివి కొట్టించి ఉన్నాయి. రోడ్డు మీదనుంచి ఊరికే కనబడే ఆటకు ఎవరు కొంటారు? హుసేనప్ప వెళ్ళి గ్యాలరీ మెట్టు మీద కూలబడ్డాడు. సావుకారుకు ఏం చెప్పాలా అని ఆయన మనసులో తిరుగుతోందని ఆ మొహం చూస్తే తెలిసిపోయింది.

అప్పుడు వచ్చింది ఆయన భార్య ఖాసింబీ. ఎమ్మిగనూరు జట్టుకు మధ్యాహ్నం అన్నం గంపలో పెట్టించుకుని తెచ్చింది. గంప దించి, బట్ట గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. హుసేనప్పకు ఒళ్ళు మండింది.

"నవ్వుతాండావా? ఇంత కనాతు కట్టి ఏం లాభం? అందరూ పైనుంచి సూస్తాండారు."

"మన పెండ్లిలో కనాతు ఎంతెత్తు ఉండె?" అని అడిగింది ఆవిడ.

పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కూర్చునే వైపు కట్టే గుడ్డ తెరను అక్కడ కనాతు అంటారు. హుసేనప్ప చేత్తో గాలిలో చూపించాడు. ఛాతీ దాకానే.

"ఎవుడన్నా తొంగి సూసినాడా?"

"ఎట్ల సూస్తారు? ఆ పక్క ఆడోళ్ళు ఉండ్రి."

"మరి ఈ పక్క కూడా ఉంటే?" అంది ఖాసింబీ.

మైదానం కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డబ్బు వ్యవహారం చూసే ఆయన మాత్రం, ఆడవాళ్ళ దగ్గర టికెట్టు ఎంత తీసుకోవాలని అడిగాడు. "అర్ధరూపాయి కావాలంటే ఆ యమ్మ ఇంటికి పోయి మొగునితో కొట్లాడి తేవాల. అంతలో మీ ఆట అయిపోతాది. ఊరికే కూచోబెట్టండి, మొగోళ్ళు కొంటారు," అంది ఆవిడ. భర్త జవాబు కోసం ఆగకుండా అన్నం గంప అక్కడే వదిలి సందుల్లోకి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళుగా ఆ మైదానం గురించి వినని ఇల్లు ఆ పేటలో లేదు. మగవాళ్ళు రోజూ అదే మాట్లాడేవారు. చూడటానికి రమ్మని ఆడవాళ్ళను ఎవరూ పిలవలేదు, అంతే.

మూడున్నరకు మొదలై వస్తూనే ఉన్నారు. బురఖాల్లో వచ్చారు, చీర కొంగు తల మీదికి లాక్కుని వచ్చారు, పత్తి మిల్లులో పనిచేసేవాళ్ళు జుట్టులో దూదితో వచ్చారు. బట్ట గోడ వెంబడే చాపలు, గోతాలు పరుచుకుని, గోడకు వీపు ఆనకుండా జరిగి కూర్చున్నారు. బట్ట అమ్ముడు పోవాల్సిందని ఖాసింబీ ముందే హెచ్చరించింది. రోడ్డు మీద అప్పటికే సైకిళ్ళతో బారులు తీరిన మగవాళ్ళు గోడ మీంచి చూశారు. కింద తమ అత్తలు, వదినలు, పక్కింటి పెద్దమ్మలు కనిపించారు. ఒక్కొక్కరే తల తిప్పుకున్నారు. కొందరు సైకిలు గంట సరిచేసుకున్నారు, ఆకాశం చూశారు, చివరికి దక్షిణం వైపు గేటుకు నడిచారు. ఒకడు మాత్రం మొండిగా రోడ్డు మీదున్న పత్తి బండి మీదెక్కి నిలబడ్డాడు. వెంటనే లోపలినుంచి వాళ్ళ మేనత్త లేచింది. "ఒరే, ఎవుర్ని సూస్తాండావురా? బంతినా, మమ్మల్నా?" వాడు బండి దిగి, అర్ధరూపాయి టికెట్టు వదిలేసి రూపాయిది కొన్నాడు. గేటు దగ్గర తోపులాట మొదలైంది. నేను కూడా ఒక టికెట్టు కొన్నాను, రైల్వే పాసు అక్కడ చెల్లదని హుసేనప్ప ఎగతాళి చేశాడు. మధ్యాహ్నం కూలబడిన మనిషి మళ్ళీ నవ్వుతున్నాడు.

ఆట సంగతి పెద్దగా చెప్పను. ఇరవై రెండు మందిలో బూట్లున్నవాళ్ళు నలుగురో ఐదుగురో. ఎమ్మిగనూరువాళ్ళ కాళ్ళ దగ్గర బంతి ఆగిందంటే తీసుకోవడం కష్టం. రోజంతా మగ్గం తొక్కే కాళ్ళు కదా. అరగంటలోనే వీరభద్రప్ప గోలు కొట్టాడు. ఆడవాళ్ళకు ఎవరు ఏ ఊరో తెలియక దానికి కూడా ఈలలు, కేకలు. తర్వాత తెలుసుకుని, తిట్టడం మొదలుపెట్టారు.

సగం ఆటప్పుడు సావుకారు వచ్చాడు. తెల్ల ధోవతి, నల్ల టోపీ, చేతిలో గొడుగు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. గేటు దగ్గర టికెట్టు కొనుక్కునే లోపలికొచ్చాడు, ఆ మర్యాద ఆయనకుంది. జనాన్ని చూసి తల ఊపాడు. ఆ తర్వాత తూర్పు వైపు చూసి, "హుసేనా, నాలుగు పక్కలా మూసినాకనే రాసిస్తానంటి. అది గోడ కాదు గదప్పా, దుప్పటి," అన్నాడు. "వారంలో బండ్లు వస్తాయి. నన్నేం సేయమంటావు?"

హుసేనప్ప సావుకారును మెల్లగా నాలుగడుగులు ముందుకు తీసుకెళ్ళి, చెయ్యి చాపకుండా కళ్ళతోనే చూపించాడు. తూర్పు పక్క, చాపల మధ్యలో, అన్నిటికన్నా మెత్తని పరుపు మీద, సావుకారు తల్లి కూర్చుని ఉంది. డెబ్బై దాటిన ముసలావిడ. గుడికి తప్ప గడప దాటదని ఊరంతా చెప్పుకునే మనిషి. వాళ్ళింటి బొంతలన్నీ కుట్టే ఖాసింబీ వెళ్ళి పిలిస్తే, తెర దించిన గూడుబండిలో వచ్చింది. పక్కనున్న బురఖా ఆవిడ మోకాలి మీద చెయ్యేసి, "ఆ పొడుగోడు బంతి ఎవురికీ ఇయ్యడేమే, వాడొక్కడే పెట్టుకుంటాడా?" అని అడుగుతోంది.

"ఇది గోడ కాదంటావా సామీ?" అన్నాడు హుసేనప్ప, గొంతు పెంచకుండా. "గోడ కాకపోతే అమ్మ నడిబజార్లో కూచున్నట్టు గదా."

సావుకారు తల్లి వైపు చూశాడు. దుప్పటి వైపు చూశాడు. దుప్పటి అవతల రోడ్డు మీద జనం వస్తూ పోతూనే ఉన్నారు, ఒక్కరి తలా ఇటు తిరగడం లేదు. ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మూసినారులే," అన్నాడు. "పత్తి మిల్లు వెనక దించుకుంటా. ఉగాదికి రాతిగోడ లేపండి." తర్వాత తల్లిని ఇంటికి తీసుకుపోదామని కబురు పంపించాడు. ఆట ముగిసేదాకా లేవనని ఆవిడ తిరిగి కబురు పంపింది. ఆయన రూపాయి టికెట్టు కుర్చీలో కూర్చుని చివరిదాకా చూశాడు.

ఆదోని ఆ రోజు కూడా ఓడిపోయింది. పొద్దు గుంకేలోపే మైదానంలోనే పంక్తులు వేశారు. హుసేనప్ప నడుముకు తువ్వాలు బిగించి, ఎమ్మిగనూరువాళ్ళ విస్తళ్ళలో తన చేత్తో అన్నం, మాంసం వడ్డించాడు. నా దగ్గరికొచ్చేసరికి గరిటె ఆపి, రెండు గరిటెలు ఎక్కువ వేశాడు. ఆయన కళ్ళు నిండాయి. నావీ నిండాయి, అది మాంసంలో కారం వల్ల కూడా కావచ్చు. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి తిన్న మనిషి, తన నేల మీద మొదటిసారి పెట్టాడు. గులకరాళ్ళు విప్పి, బట్టను జాగ్రత్తగా చుట్టి, ఎమ్మిగనూరువాళ్ళు చివరి బస్సులో వెళ్ళారు. నేను రాత్రి రైలుకు గుంతకల్లు చేరుకున్నాను.

ఆ తర్వాత ఆ తాన్లు దుప్పట్లయ్యాయి. ఒక జత నేను కొనుక్కున్నాను, చాలా ఏళ్ళు కప్పుకున్నాము. ఉగాదికి కాదు గానీ ఆ పై ఏడు తూర్పున రాతిగోడ లేచింది. ఎనభైలలో ధర్మం డబ్బు చేతికొచ్చినప్పుడల్లా మెట్లు కొన్ని, ఇనుప గేటు, నీళ్ళ తొట్టి అలా ఒక్కొక్కటే వచ్చాయి. మెట్లు ముందు ఎక్కడ కట్టాలని కమిటీలో పెద్ద వాదన జరిగిందట. ఆడవాళ్ళు వాదించలేదు, వచ్చి తూర్పు పక్క చాపలు పరుచుకుని కూర్చున్నారు. అక్కడే కట్టారు. మైదానాలకు మనం కట్టించినవాళ్ళ పేర్లు పెడతాం, పునాది రాయి మీద తేదీ చెక్కిస్తాం. నేను చూసినంతలో ఒక మైదానం నిలబడేది అక్కడికి తన వాళ్ళు వచ్చి కూర్చున్న రోజున. ఎనభై ఆరులో మా ఆవిడను తీసుకెళ్ళాను, నా జబ్బు ఎక్కడినుంచి ముదిరిందో చూపిద్దామని. గేటు దాటగానే ఖాసింబీ వచ్చి ఆవిడను చెయ్యి పట్టుకుని తూర్పు మెట్ల మీదికి తీసుకుపోయింది. ఆట అయ్యేదాకా నాకు మళ్ళీ కనిపించలేదు. తిరుగు రైల్లో గోలుకీపరు చేసిన తప్పులన్నీ వరసగా చెప్పింది. ఒక్కటి కూడా నేను గమనించలేదు.

దారి అడిగినాయన కోసం ఒక్క సలహా. పొద్దున రైల్లో ఆదోనిలో దిగండి, బస్సులో ఎమ్మిగనూరు వెళ్ళి నేతవీధి చూడండి, అక్కడినుంచే మంత్రాలయానికి బస్సులున్నాయి, మళ్ళీ ఆదోనికి రానక్కర్లేదు. ఒకవేళ ఆదివారం సాయంత్రం ఆదోనిలో ఉండి, ఆట చూడాలనిపిస్తే, మీరు మగవారైతే తూర్పు మెట్ల మీద మాత్రం కూర్చోకండి. ఎంత ఖాళీగా ఉన్నా సరే. ఎవరో ఒక అవ్వ వచ్చి లేపుతుంది, ఎందుకని అడిగితే, ఈ స్టేడియం మొదట ఆ పక్కనుంచే మొదలైందని చెబుతుంది.